ఎర్రావు కడుపులో మా దవాఖాన

పశువుల డాక్టరుగా నాకు మొదటి పోస్టింగు శామీర్‌పేట మండలంలో వచ్చింది. తొంభైల చివరి కాలం. మేడ్చల్‌లో మా ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరి, రెండు బస్సులు మారి, రోడ్డు దిగి కొంత దూరం నడిస్తే మా దవాఖాన. రెండు అర్రలు, ముందట రేకుల షెడ్డు, షెడ్డు కింద పశువులను కదలకుండా నిలబెట్టే ఇనుప పైపుల బోను, పక్కన ఒక యాపచెట్టు. పనిచేసేది ఇద్దరమే. నేను, కాంపౌండర్ సాబ్. ఊడ్చే మనిషి పోస్టు ఎప్పటినుంచో ఖాళీ ఉండె. అందుకని ఊడ్చుడు కూడా మా మీదనే పడ్డది.

కాంపౌండర్ సాబ్ మా బాపు వయసాయన. పొట్టి మనిషి, పెద్ద చేతులు. పుస్తకంలో చదివిన రోగం పేరు నేను గుర్తు తెచ్చుకునే లోపల ఆయన పశువు చెవి పట్టి చూసి, "జరమున్నది మేడం" అని పక్కకు జరిగేటోడు. రోగానికి పేరు పెట్టుడు మాత్రం నాకే ఇడిసిపెట్టేటోడు.

వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజీలు, భుజం దాకా వచ్చే పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు మాకు అప్పుడప్పుడే దండిగా రావట్టినయి. వాటిని చూస్తే నాకు గర్వంగా ఉండేది. నేను చేరిన నెలలోనే గాజు సిరంజీలను, వాటిని ఉడకబెట్టే ఇత్తడి డబ్బాను బీరువా మీదికి ఎక్కించిన. "ఇగ వీటితోని పనిలేదు సాబ్" అన్న. ఆయన డబ్బా మూతను తువ్వాలతోని ఒకసారి తుడిచి నాకు అందించిండు.

దవాఖాన వెనక గోడ పక్కన ఒక గుంత ఉండె. మందు సీసాలు, సిరంజీలు, దూది, కవర్లు, గ్లౌజులు, అన్నీ అందులో పడేసేది. వారానికి ఒకసారి కాంపౌండర్ సాబ్ గ్యాసునూనె పోసి అగ్గి పెట్టేటోడు. నల్లటి పొగ లేచి చెల్కల మీదికి పోయేది. అన్నీ కాలేటివి కావు. కాలనివి గాలికి లేచి కంపచెట్లకు చిక్కుకునేటివి. ఇంకొక అలవాటు చెప్పాలె. వాడిన గ్లౌజును ఆయన చేతి మీదినుంచి తిరగేసి గుంజి, పెండ కారకుండా మూతికి ఒకదాని మీద ఒకటి రెండు ముడులు వేసి విసిరేటోడు. నేను ముడి వేసేదాన్ని కాదు, అట్లనే విసిరేదాన్ని. ఆ గుంతను చూసి నాకు ఏనాడూ ఏమీ అనిపించలేదు. అది గోడ వెనక ఉండె, అంతే.

ఒక వానకాలం చివర, లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఒకామె తన ఎర్రావును తోలుకొని వచ్చింది. నడవలేని ఆవును ఆమె తోలుకొస్తున్నదా, మోసుకొస్తున్నదా అనిపించింది. ఆవు ఎడమ డొక్క ఉబ్బి ఉన్నది. వెన్ను మాత్రం కట్టెలు పేర్చినట్టు తేలింది.

"ఎన్ని దినాలాయె మేత ఇడిసిపెట్టి?" అని అడిగిన.

"ఆరు దినాలాయె డాక్టరమ్మా. నెమరేస్తలేదు. కుడితి పెడితె మూతి పెట్టి తీస్తాంది. మొన్న మా ఆయన చెప్పు నమిలింది."

ఆమె నాకంటే ఏడెనిమిదేండ్లు పెద్దది. ఆమెను నేను అక్కా అనే పిలిచిన, తర్వాత కూడా అదే పిలుపు. అక్కకు చారెడు చెల్క ఉన్నది, దానితోని ఎల్లక ఇదివరకు పక్క అంగూరు తోటలో కూలికి పోయేది. సాళ్ల నడుమ గడ్డి కోసుకొని ఆవుకు తెచ్చేది. రెండేండ్ల కింద తోట యజమాని పందిళ్లు పీకేసి, నేల చదును చేసి, తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేసిండు. గడ్డి పోయింది. అక్క భర్త కుత్బుల్లాపూర్‌లో ఒక కంపెనీలో షిఫ్టులు చేసేటోడు. ఆవును చూసుకునేది ఆమె ఒక్కతే. పొద్దున విడిస్తే అది రోడ్డు పక్కల, హోటళ్ల వెనక, ఎక్కడ దొరికితే అక్కడ మూతి పెట్టేది.

నేను గ్లౌజు తొడుక్కొని ఆవు వెనకనుంచి చెయ్యి పెట్టి చూసిన. పెద్దకడుపు మామూలుగా నానిన గడ్డితో మెత్తగా ఉంటది. ఇది నీళ్లలో నాని గట్టిపడ్డ బట్టల మూట తీరు తగిలింది.

"కడుపుల గడ్డి కానిది ఏదో నిండున్నదక్కా. కోసి తియ్యాలె."

"కోస్తె బతుకుతదా?"

"కొయ్యకపోతె మాత్రం బతకదు."

ఆమె ఆవు మెడ కింది తోలును నిమురుకుంట నిలబడ్డది. తర్వాత, "ఇగ నువ్వే చూడు" అన్నది.

ఆ ఆపరేషన్‌ను నేను కాలేజీలో రెండుసార్లు చూసిన. ఒకసారి సార్ పక్కన నిలబడి కత్తెరలు అందించిన. నా చేతులతోని ఎన్నడూ చెయ్యలేదు. లోపటికి పోయి కాంపౌండర్ సాబ్‌కు ఆ ముచ్చట చెప్పిన. ఆయన సబ్బుతో చేతులు కడుక్కుంట, "నేను నాలుగు చూసిన మేడం. రెండు బతికినయి" అన్నడు. అది ధైర్యం చెప్పుడో, కాదో నాకు ఇప్పటికీ తెల్వదు.

మరునాడు పొద్దున బోనులో ఆవును నిలబెట్టి, ఎడమ డొక్క మీద వెంట్రుకలు గొరిగి, మందుతో కడిగి, కోసే గీత పొడుగునా మత్తు సూదులు ఇచ్చినం. ఆవు నిలబడే ఉంటది, దానికి తెలివి ఉంటది, కోసిన చోట మాత్రం నొప్పి తెల్వదు. అక్క దాని తలకాయ పట్టుకొని, చెవిలో ఏదో చెప్పుకుంట నిలబడ్డది. నేను తోలు కోసిన. కండ పొరలు కోసిన. పెద్దకడుపు గోడను బయటికి గుంజి, లోపలి నీళ్లు పేగుల మీద పడకుండా తోలు అంచుకు కుట్టిన. తర్వాత దాన్ని కోసిన.

ఆవిరి లేచింది. పులిసిన కుడితి వాసన వచ్చింది. చెయ్యి లోపటికి పెట్టిన, మోచెయ్యి పోయింది, భుజం దాకా పోయింది. ఎంత వెచ్చగా ఉండెనో! కడుపు గోడ నా చేతి చుట్టూ మెల్లగా ముడుచుకొని, మళ్లీ వదులైంది. అంత కష్టంలో కూడా ఆ కడుపు తన పని తాను చెయ్యబోతున్నది. నాకు ఒళ్లు జలదరించింది. బయట రోడ్డు మీద లారీ హారన్ ఎక్కడో దూరం ఊర్లో మోగినట్టు వినపడ్డది.

చేతికి మొదలు తాడు తగిలింది. గుంజితే తాడు కాదు, కవర్లు పేనుకొని తాడైనయి. పాల కవర్లు, పచ్చళ్ల కవర్లు, అంగూరు గుత్తులకు కట్టే సంచులు, చీర అంచు ముక్క, సుతిలి, ఒక పిల్లల బూటు. కాంపౌండర్ సాబ్ పట్టుకున్న తొట్టి నిండింది. రెండో తొట్టి తెచ్చిండు. అక్క ఆవు తలకాయ ఇడవకుండనే తొట్టి దిక్కు చూస్తున్నది.

అప్పుడు నా వేళ్లకు వేళ్లు తగిలినయి.

లోపల, కనపడని చోట, నా చేతిలోకి ఇంకొక చెయ్యి వచ్చినట్టయింది. మెల్లగా బయటికి తీసిన. ఐదు వేళ్లు, అరచెయ్యి, మోచెయ్యి, భుజం దాకా. పసుపు పచ్చగా మారి, లోపల కుడితి నిండి ఉబ్బి ఉండె.

"అవ్వో! ఆవు కడుపులకెల్లి చెయ్యి ఎల్లింది!" అని అక్క కేక పెట్టింది.

అది చెయ్యి కాదు, గ్లౌజు. దాని మూతికి రెండు ముడులున్నయి, ఒకదాని మీద ఒకటి. కాంపౌండర్ సాబ్ ఆ ముడులను చూసిండు, నేను చూసిన. ఒకరి మొకం ఒకరం చూసుకోలేదు. నేను మళ్లీ చెయ్యి పెట్టిన. ఇంకొకటి వచ్చింది. ముడి ఉన్నవి వచ్చినయి, ముడి లేనివి కూడా వచ్చినయి. మొత్తం పదకొండు. ఏ ఒక్కటీ అరగలేదు. గడ్డిని, ఆకును, కట్టె బెరడును పాలు చేసే ఆ కడుపు, నేను పారేసిన దాన్ని మాత్రం ఏమీ చెయ్యలేక, పొట్టలో పెట్టుకొని మోసింది.

కడుపుకు రెండు వరుసల కుట్లు, కండకు, తోలుకు కుట్లు వేసి ముగించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అక్క తొట్టి దగ్గర కూర్చొని, ఒక పుల్లతో ఆ గ్లౌజులను అటు ఇటు తిప్పుతున్నది.

"గివెవరివి డాక్టరమ్మా?"

చెప్పకుండా ఉండొచ్చు. రోడ్డు మీద ఎన్ని దవాఖానలు లేవు, ఎవరివో అనొచ్చు. కాంపౌండర్ సాబ్ కత్తులు కడుగుతున్న చేతిని ఆపిండు.

"మావేనక్కా," అన్న. "ఈ దవాఖానవే. వెనక గుంతల పారేసినవి."

ఆమె లేచి దవాఖాన వెనకకు పోయింది. నేను కూడా వెంట పోయిన. గుంత చుట్టూ గడ్డి ఏపుగా పెరిగి ఉండె. అంత పచ్చటి గడ్డి ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఆ గడ్డిలోనే సీసాలు, సూదులు, కవర్లు. నేను దాన్ని మొదటిసారి చూసిన.

"గిక్కడ గడ్డి మంచిగున్నదని నేనే ఇడిసిన," అన్నది అక్క. "దవాఖాన జాగ గదా, ఇక్కడ ఏం గాదనుకున్న."

ఆమె తిట్టితే బాగుండు అనిపించింది. తిట్టలేదు. ఆ మాట మాత్రం నన్ను చాలా ఏండ్లు వెంటాడింది.

ఆపరేషన్ అయినంక కూడా ఆవు నెమరు వెయ్యలేదు. కడుపులో చెత్త పోయింది, కానీ కడుపు కదులుత లేదు. మరునాడు పొద్దున కాంపౌండర్ సాబ్, "దీనికి ఇంకో పశువు నెమరు అప్పియ్యాలె మేడం" అన్నడు.

నాకు పుస్తకం జ్ఞానం ఉన్నది, చెయ్యంగ చూసింది లేదు. పక్క చెల్కలో ఒక రైతు ఎద్దు పండుకొని నెమరు వేస్తున్నది. కాంపౌండర్ సాబ్ పోయి దాని పక్కన గొంతుకూర్చున్నడు. ఎద్దు ఒక ముద్దను నమిలి మింగింది. క్షణం ఆగింది. గొంతు కిందినుంచి ఇంకొక ముద్ద పైకి ఎక్కుతున్నది, తోలు కింద ఎలుక ఉరికినట్టు. అది నోట్లోకి వచ్చిందో లేదో, ఆయన పెద్ద చెయ్యి పక్క నుంచి నోట్లోకి పోయి ముద్దతో బయటికి వచ్చింది. ఎద్దు ఉత్త నోరు రెండుసార్లు ఆడించి, అయోమయంగా ఆయన దిక్కు చూసింది. అట్ల మూడు ఎద్దుల దగ్గర ముద్దలు ఎత్తుకొచ్చిండు. గోరువెచ్చటి నీళ్లలో బెల్లంతోని కలిపి, ఆవుకు తాపిండు.

తాపే ముందు నేను ఆ నీళ్లలో ఒక్క చుక్క పక్కకు తీసుకున్న. మా దగ్గర ఒక పాత మైక్రోస్కోపు ఉండె, పెండ పరీక్షకు. కరెంటు అక్కరలేదు. కిటికీ దగ్గర పెట్టి, కింది అద్దాన్ని ఎండకు తిప్పితే వెలుతురు పైకి వస్తది. గాజు పలకను అరచేతుల నడుమ పెట్టుకొని వెచ్చగా చేసి, చుక్క వేసి, కన్ను పెట్టిన.

కాలేజీలో చూసిన బొమ్మలు గుర్తున్నయి. కానీ ఇది బొమ్మ కాదు. ఆ చుక్క నిండా పాణాలు. కొన్ని నువ్వుగింజల తీరు, కొన్ని జొన్నగింజల తీరు, అంచుల పొంటి సన్నటి వెంట్రుకలు అల్లాడించుకుంట ఉరుకుతున్నయి. ఒకదానికొకటి తగిలి, తప్పుకొని, మళ్లీ ఉరుకుతున్నయి. ఒకటి ఒక గడ్డిపోచ ముక్కను చివర పట్టుకొని మింగుతున్నది. ఆ పోచ దానికంటే పొడుగున్నది, అయినా ఇడుస్తలేదు. కన్ను తీయబుద్ధి కాలేదు. ఊపిరి తీస్తే అవి చెదిరిపోతయేమో అన్నట్టు ఊపిరి బిగబట్టిన.

"అక్కా, గిటు రా. ఒక కన్ను మూసి చూడు."

ఆమె కొంగుతో మొకం తుడుచుకొని వంగింది. మొదలు ఏమీ కనపడతలేదన్నది. నేను మర కొంచెం తిప్పిన. ఆమె భుజాలు ఒక్కసారి బిగుసుకున్నయి.

"అమ్మో... అంగడిల జనం తీరు ఉన్నరు గదనే! ఒక్క సుక్కలనా?"

"ఒక్క చుక్కలనే."

"పురుగులా?"

"పురుగులనుకో. గడ్డిని అరిగించేది ఇవే. ఆవుకు తనంతట తాను గడ్డి అరిగించుకునుడు రాదక్కా. నమిలి లోపటికి పంపుతది. ఇవి, వీటికంటే సన్నటివి ఇంకా కండ్లకు కనపడనివి, అన్నీ కలిసి అరిగిస్తయి. అవి పెట్టిందే ఆవు తింటది."

ఆమె కన్ను తీయకుండనే అన్నది: "అంటె గిన్నొద్దులు నేను గడ్డేసింది గీటికా?"

ఐదేండ్లు చదివి కూడా నేను ఆ మాట అట్ల అనుకోలేదు.

తర్వాత ఎర్రావు కడుపు నీళ్లు గుర్తుకొచ్చినయి. ఆపరేషన్ అప్పుడే ఒక చుక్కను చూసి ఉంటే బాగుండేదని, ఇప్పుడు, నెమరు తాపకముందే, నోట్లో నుంచి గొట్టం వేసి కొంచెం తీసి చూసినం. బూడిద రంగు నీళ్లు. ఎండు తునకలు. ఏదీ కదలలేదు. నేను పలకను జరిపి జరిపి వెతికిన. ఒక్కటి, ఒకే ఒక్కటి, మూలకు మెల్లగా తిరుగుతున్నది. అక్క చూసింది. ఖాళీ చేసిపోయిన ఊరును చూసినట్టు ఆమె మొకం చిన్నబోయింది. కాంపౌండర్ సాబ్ కూడా వచ్చి రెండు చుక్కలూ చూసిండు. ముప్పై ఏండ్లు ఎద్దుల నోట్ల నుంచి నెమరు ఎత్తుకొచ్చిన మనిషి. తాను ఏం ఎత్తుకొస్తున్నడో ఆయన ఎన్నడూ చూడలేదు. చూసి, లేచి, బయటికి పోయి యాపచెట్టు కింద బీడీ ముట్టించకుండనే వేళ్ల నడుమ పట్టుకొని నిలబడ్డడు.

"గీటినా మేడం నేను చేతులతోని మోసింది?" అన్నడు, లోపటికి వచ్చినంక.

రోజూ నెమరు తాపినం. రోజూ ఒక చుక్క చూసినం. రెండో రోజు నాలుగైదు కనపడ్డయి. మూడో రోజు లెక్కకు అందలేదు. నాలుగో రోజు పొద్దున నేను బస్సు దిగి వచ్చేసరికి అక్క, కాంపౌండర్ సాబ్ ఇద్దరూ ఆవు ముందట నేల మీద కూర్చొని ఉన్నరు. నన్ను చూసి అక్క పెదవుల మీద వేలు పెట్టింది. ఆవు పండుకొని ఉన్నది. గొంతు కింద ఏదో కదిలింది, పైకి ఎక్కింది. ఆవు దవడ అటు ఇటు ఆడింది. కండ్లు సగం మూసుకున్నది. మేము ముగ్గురం అది నమిలి మింగేదాకా చూసినం. మళ్లీ ఒకటి ఎక్కింది. అక్క కండ్ల నీళ్లు తుడుచుకోలేదు, అట్లనే కారనిచ్చింది.

కుట్లు విప్పిన రోజు అక్క ఆవును తోలుకపోకుండా నిలబడ్డది.

"డాక్టరమ్మా, ఆ గుంతను ఏం జేస్తవు?"

"కంచె పెట్టిస్త."

"కంచె పెడితె లోపటికి ఆవు రాదు. గాలి వస్తది గదా? గాలి కవర్లను బయటికి కొంటవోదా?"

అదే మొదలు. నేను పై ఆఫీసుకు కాగితం రాసిన. జవాబు రాలేదు. జవాబు కోసం చూడకుండా అక్క తన వెంట ఇంకో నలుగురు ఆడవాళ్లను తోలుకొచ్చింది. అందరూ ఆవులు, బర్రెలు ఉన్నవాళ్లే. గుంతను రెండు దినాలు తోడినం. పొరలు పొరలుగా వచ్చింది. కాలిన పొర, మట్టి, మళ్లీ కాలిన పొర. గాజు, సూదులు విడిగా ఏరినం. ఏరేటప్పుడు ఎవరి చేతికీ గుచ్చుకోవద్దని కాంపౌండర్ సాబ్ అందరికీ పటకార్లు, చిప్పగరిటెలు ఇచ్చిండు. సూదుల కోసం సిమెంటు రింగులు దించి, పైన చిన్న రంధ్రం ఉన్న మూత పెట్టినం.

ప్లాస్టిక్ ఏం చెయ్యాలె అన్నది అసలు పరేషాన్. మేడ్చల్‌లో మనుషుల దవాఖాన ఒకటి తమ చెత్తను ఎత్తైన పొగగొట్టం ఉన్న భట్టీకి పంపుతుండె. నేను పోయి బతిమాలిన. మొదలు నవ్విండ్రు. తర్వాత సంచి మూతి గట్టిగా కట్టి తెస్తే తీసుకుంటమన్నరు. నెలకు ఒకసారి కాంపౌండర్ సాబ్ తన మోపెడ్ వెనక ఆ సంచి కట్టుకొని పోయేటోడు. మూతికి రెండు ముడులు. ఆ భట్టీ పొగ ఎవరి చెల్కల మీదికి పోయేదో నాకు తెల్వదు. అందుకని సంచిని చిన్నది చేసుడే మా పని అనుకున్నం.

బీరువా మీది ఇత్తడి డబ్బా కిందికి దిగింది. కాంపౌండర్ సాబ్ గాజు సిరంజీలను చింతపండుతో, సబ్బుతో తోమి, నీళ్లు తెర్లినంక ఇరవై నిమిషాలు గడియారం చూసి ఉడకబెట్టిండు. పొడి మందులకు కవర్లు బందు చేసి పాత పేపర్లతో పొట్లాలు కట్టుడు మొదలుపెట్టిండు. ద్రవాలకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలె. సీసా మరిచిపోయి వచ్చినవాళ్లను అక్క చూసిందంటే మళ్లీ ఇంటికి పంపేది. ఆమెకు ఆ అధికారం ఎవరు ఇచ్చిండ్రని ఒక్కరు కూడా అడగలేదు.

గ్లౌజుల దగ్గర మాత్రం నేను తప్పు చేసిన. కొన్నాళ్లు అసలే వేసుకోకుండా, సబ్బుతో చెయ్యి కడుక్కొని చూసిన. అప్పుడు హైదరాబాద్ నుంచి పెద్ద సారు తనిఖీకి వచ్చిండు. గాజు సిరంజీలు చూసి, "ఏందమ్మా, లోకం ముందుకు పోతాంటె నువ్వు ఎనకకు నడుస్తున్నవా?" అన్నడు. నేను జరిగింది చెప్పిన. ఆయన నమ్మినట్టు కనపడలేదు, కానీ పూర్తిగా విన్నడు. చివరకు, "సిరంజీల ముచ్చట నీ ఇష్టం. ఉత్త చేతితోని మాత్రం చూడకు. ఈసుకపోయి చూలు పోగొట్టుకున్న ఆవును ఉత్త చేతితోని ముట్టి నా క్లాసుమేటు ఏండ్లకేండ్లు జరంతోని మంచం పట్టిండు" అన్నడు. ఆయన మాట నిజం. ఆవును కాపాడాలన్న ఆత్రంలో నేను నా పాణం సంగతి మరిచిపోయిన. ఈసుకపోయిన పశువులకు, జబ్బు అనుమానం ఉన్నవాటికి పల్చటి గ్లౌజులు. మామూలు చూలు పరీక్షలకు కడిగి ఉడకబెట్టి మళ్లీ వాడే మందపాటి రబ్బరు తొడుగులు. అట్ల ఒక దారి దొరికింది. సంపూర్ణమైన దారి కాదు. కానీ వారానికి ఒక గుంత అగ్గి నుంచి నెలకు ఒక చిన్న సంచి దాకా వచ్చినం.

ఊరి ఆడవాళ్లు మాత్రం ఇంకో దాని కోసం రావట్టిండ్రు. అక్క ఏం చెప్పిందో ఏమో, గిన్నెలలో తమ బర్రె నెమరు ముద్ద పట్టుకొని, మీద ఆకు కప్పి, ఉరుక్కుంట వచ్చేటోళ్లు. "మా దాంట్ల ఉన్నయా చూడు డాక్టరమ్మా, సల్లారకముందే చూడు" అని. వరుసగా నిలబడి ఒక కన్ను మూసుకొని చూసేటోళ్లు. ఒక ముసలవ్వ చూసి, చేతులు జోడించి, మైక్రోస్కోపుకు మొక్కింది. తర్వాత తప్పయిందనుకున్నట్టు తన గిన్నెకు మొక్కింది. చూసినవాళ్లు ఎవరూ కవర్లో కట్టిన అన్నం బయటికి విసరలేదు. నేను ఎన్ని మీటింగులు పెట్టినా చెప్పలేని సంగతి అది.

ఎర్రావు ఆ మరుసటేడు ఈనింది. అక్క జున్ను తెచ్చింది. ఆ తర్వాత ఇంకా రెండు ఈతలు ఈనింది.

ఏండ్ల తర్వాత నాకు మేడ్చల్‌కు బదిలీ అయింది. అక్కడ పశువులు ఎక్కువ, మనుషులు ఎక్కువ, ఎవరికీ సమయం లేదు. ఉడకబెట్టే డబ్బా పెడితే ఆరు నెలలు నడిచింది, తర్వాత ఆగిపోయింది. సూదుల రింగు నిలబడ్డది, పొట్లాలు నిలబడలేదు. రోడ్డు మీద తిరిగే ఆవుల కడుపులు కోసుడు నాకు అలవాటైన పని అయింది. ప్రతిసారీ చెయ్యి లోపటికి పోయినప్పుడు ఆ వెచ్చదనానికి మొదటి రోజు లెక్కనే ఒళ్లు జలదరించేది. ఇప్పటికీ అంతే.

శామీర్‌పేటలో నేను ఉన్న ఆ చివరి ఏడాదిలో ఒక పొద్దు మాత్రం చెప్పాలె. అక్క దవాఖాన ముందటి పెండను తన చెల్కకు ఎత్తుకపోతనన్నది, ఒక్క షరతు పెట్టింది: "దాని మీద ఆ తెల్ల ఫినాయిల్ పొయ్యొద్దు, నా చెల్క సస్తది." కాంపౌండర్ సాబ్ ముప్పై ఏండ్ల అలవాటు, పెండ పడంగనే ఫినాయిల్ పోసుడు. కష్టంగానే మానుకున్నడు. రోజూ తీసి ఒక మూలకు కుప్పేసి, నేలను ఉత్త నీళ్లతో కడిగినం.

తొలకరి పడ్డ మరునాడు నేను వచ్చేసరికి ఆయన వాకిట్లో గొంతుకూర్చొని ఉన్నడు. ముందట తాజా పెండ. దాని మీద, పక్కన, కింద, నల్లటి పురుగులు. పదులు కాదు, నేల కదులుతున్నట్టే ఉన్నది. గాలిలో నుంచి ఇంకా దిగుతున్నయి, రాళ్లు పడ్డట్టు టప్పుమని పడి, రెక్కలు మడుచుకొని పనికి దిగుతున్నయి. కొన్ని పెండను ముక్క కోసి, గుండ్రంగా చేసి, తలకాయ కిందికి పెట్టి వెనక కాళ్లతో నెట్టుకపోతున్నయి. తనకంటే పెద్ద ఉండ. గడ్డి అడ్డం వస్తే ఎక్కుతున్నది, దొర్లి పడుతున్నది, మళ్లీ నెడుతున్నది. కొన్ని అక్కడికక్కడే నేలలోకి దింపుతున్నయి, మట్టి పైకి లేస్తున్నది. నేను గడియారం చూడలేదు. చాయ్ సల్లారింది. పెండ కుప్ప మెత్తగా, నిశ్శబ్దంగా నేలలోకి పోతున్నది. పిలువకుండా, ఎవరూ చెప్పకుండా, ఎక్కడెక్కడినుంచో వాసన పట్టుకొని వచ్చినయి అవి. అన్నేండ్లు మేము ఫినాయిల్ పోసి తరిమింది వీటినే.

అక్క గంపతో వచ్చింది. "జరుగుండ్రి సారూ, ఎత్తుకపోత" అన్నది.

కాంపౌండర్ సాబ్ తలకాయ ఎత్తలేదు. ఒక ఉండ రాయికి తట్టుకొని ఆగింది. పురుగు చుట్టూ తిరిగి ఇంకో దిక్కునుంచి నెడుతున్నది.

"జర ఆగు బిడ్డా," అన్నడు. "దాన్ని పోనియ్యి."

అక్క గంపను కింద పెట్టి, ఆయన పక్కన కూర్చున్నది.